స్నిగ్ధత కొలతల చిక్కు: పాయిజ్, పాస్కల్, పౌండు

మంచిర్యాల నుంచి చెన్నూరు మీదుగా ప్రాణహిత దాటి సిరొంచ వైపు పోయే 63వ జాతీయ రహదారి మీద స్నిగ్ధతకు ఎన్ని కొలతలున్నాయో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. రోడ్డుకు వాడిన డాంబరు ఏ గ్రేడో ప్రయోగశాల పాయిజ్‌లలో తేలుస్తుంది. ఆ రోడ్డు మీద నడిచే ఇసుక లారీ ఇంజనులో పోసే నూనెకు సెంటీపాయిజ్‌లూ సెంటీస్టోక్‌లూ కలిసి హద్దులు గీస్తాయి. బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్‌ను వెలిగించే ఇంధన తైలాన్ని సెంటీస్టోక్‌లలో కొంటారు. జైపూర్ సింగరేణి కేంద్రం ఈ రోడ్డుకు దగ్గరే. చెన్నూరులో ఇంటర్ చదివే విద్యార్థికి పుస్తకం నేర్పేది పాస్కల్-సెకను. ఆ విద్యార్థి రేపు ఇంజనీరింగ్‌లో చేరి అమెరికన్ పుస్తకం తెరిస్తే అడుగులు, పౌండ్లు, సెకన్లు ఎదురవుతాయి.

ఒక కొలత నుంచి ఇంకో కొలతకు మారడానికి కావలసిన గుణకాలు ఎప్పుడో తేలిపోయాయి. వాటి మీద ఎవరికీ తగవు లేదు. అయినా తప్పులు ఆగలేదు, ఏ కొలత వాడాలన్న వాదన కూడా తెగలేదు. గుణకం తెలియక జరిగే పొరపాట్లు తక్కువ. ఏ పౌండో రాయకపోవడం, ఏ ఉష్ణోగ్రతో రాయకపోవడం, గతిక స్నిగ్ధతో, దాన్ని సాంద్రతతో భాగిస్తే వచ్చే శుద్ధగతిక స్నిగ్ధతో (సెంటీస్టోక్‌లలో చెప్పేది) చెప్పకపోవడం వల్ల జరిగేవే ఎక్కువ. ఈ చర్చ మొదటి నుంచి ఎలా నడిచిందో, ఇప్పుడు ఎక్కడ నిలిచిందో ఒకచోట చూడవలసిన అవసరం అందుకే వచ్చింది.

పాయిజ్ పుట్టిన దారి

ద్రవంలో ఒక పొర మరో పొర మీద జారుతుంటే రెండింటి మధ్య నిరోధం పుడుతుంది. పొరల వేగాల్లో తేడా ఎంత ఎక్కువైతే నిరోధం అంత ఎక్కువని న్యూటన్ 1687 నాటి ప్రిన్సిపియాలో భావించాడు. ఆ నిరోధాన్ని వేగపు తేడాతో ముడిపెట్టే గుణకమే గతిక స్నిగ్ధత. దాన్ని నికరంగా కొలవడం మాత్రం 19వ శతాబ్దం దాకా సాధ్యపడలేదు. 1839లో జర్మనీలో హేగెన్, ఆ వెంటనే ఫ్రాన్సులో పాయిజూలీ సన్నటి గొట్టాల్లో ప్రవాహాన్ని కొలిచారు. పాయిజూలీ వైద్యుడు. సన్నని రక్తనాళాల్లో నెత్తురు ఎలా పారుతుందో తెలుసుకోవడం ఆయన లక్ష్యం. ప్రవాహం గొట్టం వ్యాసార్థపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుందన్న ఆయన ఫలితం నేటికీ ప్రయోగశాల గొట్టాలన్నింటికీ ఆధారం.

1873లో బ్రిటిష్ అసోసియేషన్ సెంటీమీటరు, గ్రాము, సెకను పద్ధతిని సిఫారసు చేసింది. ఆ పద్ధతిలో స్నిగ్ధతకు ప్రమాణం ఏర్పడినా పేరు లేదు. 1913లో డీలీ, పార్ అనే ఇద్దరు హిమనదాల మంచు స్నిగ్ధత మీద రాసిన వ్యాసంలో దానికి పాయిజ్ అన్న పేరు సూచించారు. వీరిలో డీలీ ఇంగ్లండులో మిడ్‌లాండ్ రైల్వేకు లోకోమోటివ్ సూపరింటెండెంట్‌గా పనిచేసినవాడు, కందెన నూనెల మీద పేరున్న పుస్తకం రాసిన ఇద్దరిలో ఒకడు. పాయిజ్‌ను ప్రతిపాదించిన చేతులు ఇరుసులకు నూనె ఎందుకు నిలుస్తుందో ఆలోచించిన చేతులే అన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి. ఆ కొలత మొదటి నుంచీ వర్క్‌షాపులో ఇమిడిపోయింది.

దానికి మరో బలమూ కలిసొచ్చింది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటి స్నిగ్ధత దాదాపు ఒక సెంటీపాయిజ్. ఇది ఎవరూ కావాలని కుదిర్చింది కాదు, అంకెలు అలా పడ్డాయి. దాంతో సెంటీపాయిజ్‌లలో ఏ అంకె చెప్పినా ఆ ద్రవం నీటికంటే ఎన్ని రెట్లు చిక్కనో వెంటనే తెలిసిపోతుంది. 60 డిగ్రీల దగ్గర 2,400 పాయిజ్‌ల డాంబరు అంటే 2,40,000 సెంటీపాయిజ్‌లు, గది వేడిలోని నీటికి దాదాపు రెండు లక్షల నలభై వేల రెట్లు. మనసుకు పట్టే ఇలాంటి పోలికను ఏ చట్టమూ సులువుగా మాన్పించలేదు.

నీటి విలువ కూడా ఒకేచోట కుదురుగా నిలవలేదు. అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కొలిచి 1952లో ఫలితం ప్రకటించారు. అప్పటిదాకా 20 డిగ్రీల దగ్గర 1.005 సెంటీపాయిజ్‌లని నడుస్తున్న విలువ 1953 నుంచి 1.002 అయింది. గొట్టాలన్నీ నీటితోనే క్రమాంకనం అవుతాయి కాబట్టి ఆ కొద్దిపాటి మార్పు ప్రపంచంలోని స్నిగ్ధత అంకెలన్నింటినీ కదిపింది. అమెరికా ప్రభుత్వ సంస్థ తన ఫలితాన్ని పౌండ్లలో కాకుండా పాయిజ్‌లలో ఇచ్చిందన్నది మన చర్చకు ముఖ్యం.

1960లో అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతి వచ్చింది, 1971లో పీడనానికి పాస్కల్ అన్న పేరు ఖాయమైంది. స్నిగ్ధతకు పాస్కల్-సెకను ప్రమాణం. ఒక పాస్కల్-సెకను పది పాయిజ్‌లు, ఒక మిల్లీపాస్కల్-సెకను కచ్చితంగా ఒక సెంటీపాయిజ్. ఫ్రెంచివాళ్లు పాస్కల్-సెకనుకు పాయిజూలీ అన్న పేరు పెట్టాలని చూశారు గానీ అంతర్జాతీయంగా ఆమోదం దొరకలేదు. మన ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి భౌతికశాస్త్ర పుస్తకం మాత్రం ఆ పేరునే ముందు చెప్పి, పాస్కల్-సెకనును దాని పక్కన పెడుతుంది. కొన్ని పుస్తకాల్లో డెకాపాయిజ్ కూడా ఉంది. పాయిజూలీ, డెకాపాయిజ్, పాస్కల్-సెకను మూడూ ఒకటేనని తెలియని విద్యార్థి, వాటి మధ్య ఏదో గుణకం ఉందనుకుని వెతుకుతాడు.

ఒక పేరు, రెండు పౌండ్లు

అమెరికా వాడుక కొలతల్లో గతిక స్నిగ్ధతకు ఒకే ప్రమాణం లేదు. కెమికల్ ఇంజనీర్లది ఒకటి, విమానాల లెక్కలు చేసేవారిది ఇంకొకటి, బేరింగులు గీసేవారిది మరొకటి. అసలు చిక్కు పౌండు దగ్గర మొదలవుతుంది. అక్కడ ద్రవ్యరాశికీ పౌండే, బలానికీ పౌండే.

పౌండును ద్రవ్యరాశిగా తీసుకుంటే స్నిగ్ధత ప్రమాణం అడుగు-సెకనుకు ఒక పౌండు. 1959లో ఒప్పుకున్న అంతర్జాతీయ పౌండు 0.45359237 కిలోగ్రాములు, అడుగు 0.3048 మీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.488164 పాస్కల్-సెకన్లు వస్తాయి. పౌండును బలంగా తీసుకుంటే ప్రమాణం చదరపు అడుగుకు పౌండు-సెకను. అది 47.88026 పాస్కల్-సెకన్లు. విమాన ఇంజనీర్ల అడుగు-సెకనుకు స్లగ్ అన్నదీ సరిగ్గా ఇదే. బేరింగులవారు చదరపు అంగుళాన్ని పట్టుకుంటారు కాబట్టి వారి ప్రమాణం 6,894.757 పాస్కల్-సెకన్లు. కందెన పొర సిద్ధాంతాన్ని 1886లో ప్రతిపాదించిన ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ పేరు మీద దాన్ని రేన్ అంటారు. మామూలు నూనెకు అది మరీ పెద్దది కావడంతో పుస్తకాల్లో మైక్రోరేన్ కనిపిస్తుంది. ఒక మైక్రోరేన్ 6.894757 సెంటీపాయిజ్‌లు.

మొదటి రెండు ప్రమాణాల నిష్పత్తి 32.174. అడుగులలో గురుత్వ త్వరణం విలువ అదే. రెండు పౌండ్లను కలిపేసుకుంటే తప్పు వంతుల్లో ఉండదు, ముప్పై రెండు రెట్లలో ఉంటుంది. మన రోడ్లకు వాడే వి.జి.-30 అనే స్నిగ్ధత గ్రేడు డాంబరుకు 60 డిగ్రీల దగ్గర ఉన్న 2,400 పాయిజ్‌ల కనీస హద్దును తీసుకుందాం. అది 240 పాస్కల్-సెకన్లు. ద్రవ్యరాశి పౌండుతో 161.27, బలపు పౌండుతో 5.0125. ఎవరైనా 161.27 రాసి పక్కన పౌండు, అడుగు, సెకను అన్న మూడు మాటలే వదిలేశారనుకోండి. చదివినవారు దాన్ని బలపు పౌండుగా తీసుకుంటే 7,700 పాస్కల్-సెకన్లకు పైగా, అంటే 77,000 పాయిజ్‌లు దాటిన డాంబరు కనిపిస్తుంది. అలాంటి సరుకును ఏ రహదారి ఇంజనీరూ నమ్మడు కాబట్టి ఇక్కడ తప్పు పట్టుబడుతుంది. గొట్టంలో గ్యాసు ప్రవాహం వంటి లెక్కల్లో, విలువ ఎంత ఉండాలో ముందే అంచనా లేనిచోట, అది అలాగే లోపలికి పోయే ప్రమాదం ఉంది.

గంటల లెక్క ఇంకో తలనొప్పి. డొనాల్డ్ కెర్న్ 1950లో రాసిన ప్రాసెస్ హీట్ ట్రాన్స్‌ఫర్ మన కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థులు నేటికీ తిరగేసే పుస్తకం. అందులో స్నిగ్ధత అడుగు-గంటకు ఇన్ని పౌండ్లని ఉంటుంది. సెంటీపాయిజ్‌ను 2.42తో గుణించమని ఆ పుస్తకం పాఠకుడికి అలవాటు చేస్తుంది. రామగుండం వంటి చోట ఎరువుల కర్మాగారంలో ఉష్ణమార్పిడి పరికరాల లెక్క చూడాలన్న విద్యార్థికి ఆ 2.42 తప్పనిసరి. అయితే సెకను గుణకం 0.000672, గంట గుణకం 2.42 ఒకే నోటుబుక్కులో పక్కపక్కన ఉంటే, ఏది ఏ సూత్రానికో రాసుకోనివారికి 3,600 రెట్ల తప్పు కాచుకుని ఉంటుంది.

సెకన్లూ డిగ్రీలూ

ఈ పౌండ్లకంటే ముందు, వాటితో పాటు, స్నిగ్ధతను కేవలం సెకన్లలో చెప్పిన కాలం ఒకటుంది. ఒక గిన్నె అడుగున సన్నటి రంధ్రం పెట్టి, నిర్ణీత పరిమాణం కారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసేవారు. అమెరికాలో సేబోల్ట్, బ్రిటన్‌లో రెడ్‌వుడ్, జర్మనీలో ఎంగ్లర్ ఎవరి గిన్నె వారిది. బ్రిటిష్ వారసత్వంతో రెడ్‌వుడ్ సెకన్లు మన దేశంలోనూ ఇంధన తైలాల పత్రాల్లో చాలాకాలం నడిచాయి. బాగా చిక్కటి నూనెలకూ డాంబరు రకాలకూ సేబోల్ట్ ఫ్యూరోల్ అని పెద్ద రంధ్రం గిన్నె ఉండేది.

వీటి నుంచి గతిక స్నిగ్ధతకు నేరుగా దారి లేదు. కారే వేగంలో సాంద్రత కూడా కలిసి ఉంటుంది కాబట్టి ముందు సెంటీస్టోక్‌లకు వెళ్లాలి, ఆ తరువాత ఆ ఉష్ణోగ్రత దగ్గరి సాంద్రతతో గుణించాలి. 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, 75 సెంటీస్టోక్‌లు దాటిన నూనెలకు, సెంటీస్టోక్‌ను 4.632తో గుణిస్తే సేబోల్ట్ సెకన్లు. అదే 210 డిగ్రీల దగ్గర 4.664 కావాలి. గుణకమే ఉష్ణోగ్రతతో మారిందంటే అది సిసలైన ప్రమాణ మార్పిడి కాదని అర్థం.

నాలుగు వాదాలు

ఈ నేపథ్యంలో ఏ కొలత నిలవాలన్న విషయంలో నాలుగు వైఖరులు కనిపిస్తాయి.

మొదటిది అంతర్జాతీయ పద్ధతి వారిది. పాస్కల్-సెకను తప్ప ఇంకేదీ ఉండకూడదంటారు. వారి వెనక చట్టముంది. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్‌కు మారింది, 1976 చట్టంతో అంతర్జాతీయ పద్ధతిని స్వీకరించింది, 2009 తూనికలు కొలతల చట్టం దాన్ని కొనసాగించింది. బలం, పీడనం, శక్తి అన్నీ ఒకే పద్ధతిలో ఉన్నప్పుడు సూత్రంలో ఎక్కడా గుణకం అవసరపడదన్నది వారి అసలు బలం. రేనాల్డ్స్ సంఖ్య లెక్కలో కిలోగ్రాము, మీటరు, సెకను, పాస్కల్-సెకను పెడితే చాలు. పౌండు బలంతో అదే లెక్క చేస్తే 32.174 ఎక్కడ పెట్టాలో ప్రతిసారీ ఆలోచించాలి. ఈ వాదంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

రెండోది సెంటీపాయిజ్ వారిది. మిల్లీపాస్కల్-సెకను, సెంటీపాయిజ్ కచ్చితంగా సమానం కాబట్టి పేరు మార్చినంత మాత్రాన అంకె మారదు, మరి ఎందుకు మార్చాలంటారు. నూనె పరిశ్రమంతా ఇటే ఉంది. ఇంజను నూనెల ప్రమాణం రాసే సంస్థ అమెరికాలోని ఎస్.ఎ.ఇ. దాని పట్టికలోనూ పౌండ్ల స్నిగ్ధత లేదు. 15డబ్ల్యూ-40 అని రాసిన నూనె మైనస్ 20 డిగ్రీల దగ్గర ఇంజను తిప్పే పరీక్షలో 7,000 సెంటీపాయిజ్‌లు దాటకూడదు, 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలి, 150 డిగ్రీల దగ్గర తీవ్రమైన ఒరిపిడిలో 3.7 సెంటీపాయిజ్‌లకు తగ్గకూడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చెన్నూరులో మొదటి హద్దుతో పనిలేదు, మిగతా రెండే ఇంజనును కాపాడేవి.

మూడోది అమెరికా ఇంజనీరింగ్ వారిది. వారి పాత పట్టికలు, గ్రాఫులు, సాఫ్ట్‌వేర్ అన్నీ పౌండ్లలోనే ఉన్నాయి. జర్నల్ బేరింగులకు రైమొండీ, బాయిడ్ 1958లో ఇచ్చిన పటాలను వాడే పుస్తకాల్లో ఉదాహరణలు రేన్‌లలో ఉంటాయి. అంత జ్ఞానాన్ని తిరగరాయడానికి అయ్యే ఖర్చు, ఆ తిరగరాతలో దొర్లే తప్పులు మార్పు వల్ల వచ్చే లాభాన్ని మించిపోతాయని వారి వాదన. 1975లో అక్కడ మెట్రిక్ చట్టం వచ్చింది, 1988లో మెట్రిక్‌ను ఇష్టపడవలసిన పద్ధతిగా ప్రకటించారు. రహదారి శాఖ 1990లలో గడువులు కూడా పెట్టింది. 1998లో కాంగ్రెస్ ఆ గడువును ఎత్తేసింది. కాబట్టి ఈ వాదం మొండిపట్టు మాత్రమే కాదు, ఒకసారి పరీక్షకు నిలబడి గెలిచిన వాదం కూడా.

నాలుగోది సంఖ్యలను మూలంలో ఉన్నట్టే ఉంచాలనేవారిది. ఏ పత్రంలో ఏ ప్రమాణం ఉంటే దాన్నే వాడి, చివర ఒక్కసారి మాత్రమే మార్చమంటారు. రెండుసార్లు మార్చినచోట రెండుసార్లు గుండ్రంగా చేయడం జరుగుతుంది. ఇది వినడానికి చిన్న సంగతి, హద్దుల దగ్గర పెద్దదవుతుంది. 2,385 పాయిజ్‌లు వచ్చిన డాంబరు వి.జి.-30 కనీస హద్దు తప్పినట్టే. దాన్ని అమెరికా పట్టికతో పోల్చడానికి 160.27 పౌండ్లుగా రాసి, మళ్లీ తిరిగి వచ్చేటప్పుడు 1.488 బదులు 1.5 అని గుణిస్తే 240.4 పాస్కల్-సెకన్లు, అంటే 2,404 పాయిజ్‌లు. తప్పిన సరుకు కాగితం మీద గట్టెక్కింది.

డాంబరు దగ్గర

ఈ వాదనలన్నీ నేల మీద కలిసేది డాంబరు దగ్గర. 2006 దాకా మన దేశంలో డాంబరును సూది ఎంత లోతుకు దిగుతుందో చూసి కొనేవారు. 25 డిగ్రీల దగ్గర వంద గ్రాముల బరువుతో ఐదు సెకన్లలో సూది దిగిన లోతు మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన 60 నుంచి 70 మధ్య ఉంటే 60/70 గ్రేడు. ఆ సంఖ్య స్నిగ్ధత కాదు, దాన్ని ఏ గుణకంతోనూ పాయిజ్‌గా మార్చలేం. 25 డిగ్రీల దగ్గర ఒకేలా కనిపించిన రెండు డాంబర్లు ఎండలో వేరువేరుగా ప్రవర్తించవచ్చు. అందుకే డాంబరుకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 73ను 2006లో సవరించి స్నిగ్ధత గ్రేడులు తెచ్చారు. అమెరికాలో అంతకుముందే ఎ.సి.-20 వంటి గ్రేడులుండేవి. ఇరవై అంటే 140 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 2,000 పాయిజ్‌లు, అటూ ఇటూ 400. ఫారన్‌హీట్, పాయిజ్ ఒకే వాక్యంలో కాపురం చేశాయి. మనం పాయిజ్‌ను అలాగే తీసుకుని ఉష్ణోగ్రతను 60 డిగ్రీల సెల్సియస్ అని రాసుకున్నాం. 140 ఫారన్‌హీట్ సరిగ్గా 60 సెల్సియస్ కావడం, 275 ఫారన్‌హీట్ సరిగ్గా 135 కావడం వల్ల ఆ మార్పులో ఏ భిన్నమూ మిగల్లేదు.

2013 సవరణలో హద్దులకు పైకొస కూడా వచ్చింది. వి.జి.-10కి 800 నుంచి 1,200 పాయిజ్‌లు, వి.జి.-20కి 1,600 నుంచి 2,400, వి.జి.-30కి 2,400 నుంచి 3,600, వి.జి.-40కి 3,200 నుంచి 4,800. ఏడు రోజుల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 38 నుంచి 45 డిగ్రీలుండే చోట్లకు వి.జి.-30, 45 దాటే చోట్లకు వి.జి.-40 తగినవని అదే ప్రమాణం చెబుతుంది. గోదావరి ఒడ్డున ఉన్నా సింగరేణి బొగ్గు మైదానపు మే నెల ఎండ చెన్నూరును ఈ 45 గీత మీదే నిలబెడుతుంది. మెత్తబడిన డాంబరు మీద బరువు లారీలు వరసగా పోతే చక్రాల బాటలో గాడులు పడతాయి. ఇక్కడ 3,400 పాయిజ్‌ల డాంబరు వస్తే స్నిగ్ధత హద్దు ప్రకారం అది రెండు గ్రేడులకూ సరిపోతుంది. తేడా తేల్చవలసినవి సూది పరీక్ష, మెత్తబడే ఉష్ణోగ్రత, 135 డిగ్రీల దగ్గరి స్నిగ్ధత.

ఆ 3,400 అనే అంకె ఎలా పుడుతుందో చూస్తే చర్చ కొంత నేలకు దిగుతుంది. వేడిచేసిన డాంబరును గుర్తుగీతలున్న గాజు గొట్టంలో గీత దాకా పోస్తారు. గాలి బుడగలు పోవడానికి గొట్టాన్ని 135 డిగ్రీల ఓవెన్‌లో కాసేపు పెడతారు. తరువాత 60 డిగ్రీల నూనె తొట్టెలో నిలువుగా ముంచి అరగంట ఉంచుతారు. ఆ తొట్టె ఉష్ణోగ్రత డిగ్రీలో వందో వంతుల మేరకే కదలాలి. పైనుంచి 300 మిల్లీమీటర్ల పాదరసం శూన్యం ఇస్తే నల్లటి అంచు నెమ్మదిగా గొట్టంలో పైకి పాకుతుంది. ఒక గీత నుంచి పై గీత దాకా ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్ చెబుతుంది. గొట్టంతో పాటు వచ్చిన పత్రంలో ఆ రెండు గీతల మధ్య భాగానికి ఒక గుణకం ఉంటుంది, సెకన్లను దానితో గుణిస్తే పాయిజ్‌లు. పనిచేసేవాడి చేతికి పాయిజ్ వచ్చేది ఈ గుణకం పత్రం నుంచే. పత్రం మారితే పాస్కల్-సెకను రావడానికి వేరే శ్రమేమీ లేదు.

ఇదే పరీక్షకు అమెరికా ప్రమాణం ఒప్పుకునే తేడా ఎంతో తెలుసుకోవాలి. ఒకే మనిషి ఒకే గొట్టంతో రెండుసార్లు చేస్తే సగటులో 7 శాతం దాకా, రెండు ప్రయోగశాలల మధ్య 10 శాతం దాకా తేడా సహజమే. 2,400కు పది శాతమంటే 240 పాయిజ్‌లు. అలాంటి అంకెను ఏడంకెల గుణకంతో మార్చి 161.2725 అని రాస్తే లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపడమే. మూడంకెలు చాలు. అలాగని గుణకాన్ని ముందే కుదించమని కాదు. గుణకాన్ని పూర్తిగా వాడి ఫలితాన్ని కుదించాలి.

ఉష్ణోగ్రత విషయం వీటన్నిటికంటే బరువైనది. వి.జి.-30కి 135 డిగ్రీల దగ్గర కనీసం 350 సెంటీస్టోక్‌లు ఉండాలి. ఆ వేడిలో డాంబరు సాంద్రత నీటిలో సుమారు 0.95 వంతు కాబట్టి అది 330 సెంటీపాయిజ్‌ల చుట్టూ, అంటే మూడుంపావు పాయిజ్‌లు. కనీస హద్దులనే పట్టుకుంటే 60 నుంచి 135 డిగ్రీలకు వచ్చేసరికి స్నిగ్ధత దాదాపు ఏడు వందల వంతుకు పడిపోయింది. పౌండు తప్పు ముప్పై రెండు రెట్లయితే ఉష్ణోగ్రత రాయకపోవడం ఏడు వందల రెట్ల సందేహం. గుణకం గురించి గంట మాట్లాడి ఉష్ణోగ్రత గడిని ఖాళీగా వదిలే పత్రాలు చూస్తే బాధ కలుగుతుంది.

పోల్చి చూస్తే

ఒకే సరుకు, వి.జి.-30 కనీస హద్దు, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర:

పాయిజ్‌లలో 2,400
సెంటీపాయిజ్‌లలో లేదా మిల్లీపాస్కల్-సెకన్లలో 2,40,000
పాస్కల్-సెకన్లలో 240
అడుగు-సెకనుకు ద్రవ్యరాశి పౌండ్లలో 161
చదరపు అడుగుకు బలపు పౌండు-సెకన్లలో, లేదా స్లగ్‌లలో 5.01
రేన్‌లలో 0.0348

పాస్కల్-సెకను, సెంటీపాయిజ్ వర్గాల మధ్య తగవు నిజానికి పేరుకు సంబంధించిందే. అంకె అదే ఉండగా అక్కడ గెలుపోటములకు అర్థం లేదు. పెట్రోలు బంకులో, గ్యారేజీలో సెంటీపాయిజ్ నడిచినా నష్టం లేదు. బడిలో మాత్రం పాస్కల్-సెకను ఒక్కటే ముందు నేర్పడం మేలు. పాయిజూలీ, డెకాపాయిజ్‌లను చరిత్రగా చెప్పవచ్చు గానీ ప్రమాణాలుగా పరీక్షలో అడగడం పిల్లల మీద అనవసరపు భారం. అమెరికా పౌండ్ల విషయంలో నడవవలసిన దారి ఇంకొంచెం స్పష్టం. ఆ పుస్తకాలు చదవడానికి వాటిని నేర్చుకోవాలి, ప్రతి చోటా ద్రవ్యరాశా బలమా అని రాయాలి. మన పత్రాల్లో వాటికి చోటు అవసరం లేదు. అమెరికా డాంబరు గ్రేడులూ నూనె డబ్బాలూ ఏనాడూ వాటిని వాడలేదు కదా.

ఇంకా తేలనివి

మొదటిది సాంద్రత. సెంటీస్టోక్ నుంచి సెంటీపాయిజ్‌కు వెళ్లాలంటే అదే ఉష్ణోగ్రత దగ్గరి సాంద్రత కావాలి. డబ్బాల మీద, సరఫరా పత్రాల మీద ఉండేది మాత్రం 15 డిగ్రీల దగ్గరి సాంద్రత. 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్‌ల నూనెకు 15 డిగ్రీల సాంద్రత 0.88 వాడితే 12.3 సెంటీపాయిజ్‌లు వస్తాయి. వేడిలో వ్యాకోచించాక సాంద్రత సుమారు 0.83, దాంతో 11.6. ఆరు శాతం తేడా. చాలా పట్టికలు ఈ దిద్దుబాటు చెప్పవు. ఇంధన తైలంలోనూ ఇదే సమస్య. 50 డిగ్రీల దగ్గర 180 సెంటీస్టోక్‌లని కొన్న ఫర్నేస్ ఆయిల్‌ను బర్నర్ దగ్గరికి వచ్చేసరికి బాగా వేడి చేసి పలచన చేస్తారు. ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య సాంద్రతా మారుతుంది, స్నిగ్ధతా మారుతుంది.

రెండోది ఒరిపిడి వేగం. న్యూటన్ నియమం పాటించే ద్రవానికే స్నిగ్ధత ఒక్క అంకె. పాలిమర్ కలిపిన డాంబరు, పాలిమర్ కలిపిన ఇంజను నూనె ఎంత వేగంగా ఒరిస్తే అంత పలచబడతాయి. వాటికి ఉష్ణోగ్రతతో పాటు ఒరిపిడి వేగమూ రాయకపోతే ఏ ప్రమాణంలో రాసినా అంకె సగమే చెప్పినట్టు. 150 డిగ్రీల పరీక్షలో ఎస్.ఎ.ఇ. ఒరిపిడిని కూడా కట్టడి చేసింది ఇందుకే.

మూడోది డాంబరులో ఇప్పుడు జరుగుతున్న మార్పు. 1987 నుంచి 1993 దాకా అమెరికా చేపట్టిన వ్యూహాత్మక రహదారి పరిశోధన నుంచి సూపర్‌పేవ్ పద్ధతి వచ్చింది. అక్కడ గ్రేడు పేరులోనే ఉష్ణోగ్రతలుంటాయి. గట్టిదనాన్ని కిలోపాస్కల్‌లలో, 135 డిగ్రీల దగ్గర పంపులో పారే స్నిగ్ధతను పాస్కల్-సెకన్లలో చెబుతారు, అది మూడు దాటకూడదు. పౌండ్ల దేశంలో పుట్టిన పద్ధతి పాస్కల్-సెకనును వాడుకలోకి తెచ్చింది. మన పాలిమర్ డాంబరు ప్రమాణం ఐ.ఎస్. 15462 కూడా 2019లో ఉష్ణోగ్రత పేరున్న గ్రేడులకు మారింది. మామూలు డాంబరు మాత్రం ఇంకా ఐ.ఎస్. 73 కింద పాయిజ్‌లలోనే ఉంది. ఒకే రహదారిలో కింది పొరకు వి.జి. గ్రేడు, పై పొరకు పాలిమర్ గ్రేడు వేస్తే, ఒకే ప్రయోగశాల ఒకే రోజు పాయిజ్‌లలో ఒక పత్రం, పాస్కల్-సెకన్లలో ఇంకో పత్రం రాయవలసి వస్తుంది. రెండు పత్రాల్లోనూ 240 అని ఉంటే ఏది ఏమిటో తెలిపేది పక్కనున్న ప్రమాణం పేరొక్కటే. ఐ.ఎస్. 73 తదుపరి సవరణలో పాయిజ్ పక్కన పాస్కల్-సెకను కూడా రాయాలా, పాయిజ్‌ను పూర్తిగా వదిలేయాలా అన్నది తేలవలసి ఉంది. రెండింటినీ పక్కపక్కన, ఉష్ణోగ్రతతో కలిపి రాయడమే ఈ సంధి కాలానికి తగిన పని. గొట్టాల గుణకాల పత్రాలు మార్చడానికి ఏళ్లు పట్టవచ్చు, పత్రంలో ఒక గడి చేర్చడానికి ఒక్క సవరణ చాలు.